మేడ మీద గదీ, మూడో చరణమూ

టీ కప్పులు కింద పెట్టి వినండి, మధ్యలో నవ్వొస్తే పొలమారుతుంది. మొన్న ఆదివారం కనకాలపేటలో ప్రార్థన కూడికకి వెళ్తే నా పరువు గోదాట్లో కలిసింది. అదీ రాగయుక్తంగా!

దీనికి మూలం నా పదో తరగతి. అప్పట్లో యానాంలో నవలలు అద్దెకిచ్చే షాపు ఒకటుండేది. నాకు ఒకే రకం కావాలి. ఊరికి దూరంగా పాత బంగళా, పెదవి విప్పని జమీందారు, తాళం వేసిన మేడ గది. అక్కడికి పిల్లలకి పాఠాలు చెప్పడానికి ట్రంకుపెట్టెతో ఒక్కత్తే దిగుతుంది ఓ అమ్మాయి. వంటమనిషి దగ్గర్నుంచి అందరూ "పైకి వెళ్ళకు" అంటారు. వెళ్తుంది! వణుక్కుంటూనే వెళ్తుంది. మనకేమో చీకటి పడ్డాక గోదారి గట్టు మీదకి వెళ్ళాలంటే నలుగురి పర్మిషన్ కావాలి. అందుకే ఆ పిల్లంటే నాకు ప్రాణం. ఇప్పటికీ ప్రాణమే, దాచుకోవడం దేనికి!

అలాంటి నవల ఒకటి సండే స్కూల్లో పాటల పుస్తకం మధ్యలో పెట్టుకుని చదువుతున్నాను. హీరోయిన్ దీపం పట్టుకుని ఆ గది ముందుకి వచ్చింది. సరిగ్గా అప్పుడు మా రత్నకుమారి టీచరుగారు వచ్చి, "ఇలా తే!" అన్నారు. అంతే. పుస్తకం మళ్ళీ కనబడలేదు. కొన్నాళ్ళకి ఆ షాపూ మూసేశారు. ఆ గదిలో ఏముందో ముప్ఫై ఆరేళ్ళుగా నాకు తెలీదు.

పోయిన నెల కాకినాడలో పాత పుస్తకాల కుప్పలో అదే నవల దొరికింది! అట్ట లేదు, కాగితాలు అప్పడాల్లా విరుగుతున్నాయి. చివరి పేజీ ఉందో లేదో చూసుకున్నానే గానీ చదవలేదు. ముగింపు ముందే చదివేస్తే ఆ పిల్లకి ద్రోహం చేసినట్టు కాదూ! నా పాటల పుస్తకానికి ఉన్నటువంటి జిప్ కవరే బీరువాలో ఇంకోటి ఉంటే, నలిగిపోకుండా అందులో పెట్టాను. రోజుకి కాస్త కాస్త చదువుతూ శనివారానికి మళ్ళీ ఆ తలుపు దగ్గరకే వచ్చాను. మిగతాది రేపు కూడికయ్యాక తీరిగ్గా చదువుదామని రిబ్బన్ పెట్టి మూశాను.

ఆదివారం ఏ కవరు పట్టుకెళ్ళానో ఈపాటికి మీకు అర్థమైపోయుంటుంది.

కూడిక ఎవరింట్లో అనుకున్నారు? రత్నకుమారి టీచరుగారింట్లోనే! ఆవిడకి ఎనభై దాటాయి. కళ్ళు మూసుకుని కుర్చీలో కూర్చున్నా గదంతా ఆవిడ కంట్రోల్లోనే ఉంటుంది. మా కూడికల్లో చదువురాని వాళ్ళు చాలామంది. అందుకని ముందు నేను ఒక్కో లైనూ చదివి చెప్తాను, వాళ్ళు రాగంలో అందుకుంటారు.

"సునీతా, పాట చెప్పు" అన్నారు టీచరుగారు.

జిప్ తీశాను. లోపల నవల! అయినా రెండు చరణాలు కంఠతా వచ్చు కాబట్టి లాగించేశాను. మూడో చరణం? బ్లాంక్! ఇరవై మంది నా నోటికేసి చూస్తున్నారు. నా కళ్ళేమో రిబ్బన్ పెట్టిన పేజీ మీదున్నాయి. నోరు మాత్రం ఏం చేస్తుంది పాపం, కళ్ళకి కనబడింది చెప్పేసింది.

"వణుకుచున్న చేతితో ఆమె దీపము పైకెత్తెను..."

ఇరవై మందీ భక్తిగా పాడేశారండీ బాబూ! ఇప్పుడు ఆపితే దొరికిపోతాను. ఆపకపోతే ఇంకా దొరికిపోతాను.

"మేడ గది తలుపు మెల్లగా తోసెను..."

అదీ పాడారు. రెండుసార్లు! దరియాలతిప్ప నుంచి వచ్చే చేపల అచ్చమ్మ అయితే కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ పాడింది. అప్పుడు టీచరుగారు ఒక కన్ను తెరిచారు.

"ఇక ప్రార్థన చేద్దాం" అన్నారు చల్లగా.

అయ్యాక అందరూ టీ బిస్కెట్ల మీద ఉండగా నన్ను లోపలి గదిలోకి పిలిచారు. యాభై రెండేళ్ళ దాన్ని, పదో తరగతి పిల్లలా తలొంచుకుని వెళ్ళాను.

"ఇలా తే!"

ఇచ్చాను. ఆవిడ గబగబా చివరికి తిప్పారు. "హమ్మయ్య! ఇందులో ఉన్నాయే!"

"ఏంటండీ?"

"చివరి కాగితాలే! నీ దగ్గర లాక్కున్నదాంట్లో ఎవడో చింపేశాడు. ఆ గదిలో ఏముందో తెలీక నేనెంత కొట్టుకున్నానో నీకేం తెలుసు!"

"మీరు... చదివారా అండీ?"

"మూడుసార్లు." జిప్ వేసేసి పుస్తకాన్ని దిండు కింద పెట్టుకున్నారు. "పెద్దదాన్ని. ముందు నేను చదువుతాను."

నా హీరోయిన్ అయితే ఏం చేసేదో నాకు బాగా తెలుసు. నేనేం చేశానంటే, "అలాగేనండి, నిదానంగా చదవండి" అని చేతులు కట్టుకుని వచ్చేశాను.

గేటు దగ్గర అచ్చమ్మ కాసుకుని ఉంది. "అమ్మగోరూ, ఇయ్యాల పాట శానా బాగుందండి. ఇంతకీ ఆ గదిలో ఏటుందండీ? నాలుగో చరణంలో వత్తాదా?"

"ఏమో అచ్చమ్మా, ముప్ఫై ఆరేళ్ళ నుంచి నేనింకా మూడో చరణంలోనే ఉన్నాను" అన్నాను.