కండక్టరు పిలిచే పేరు

పుంగనూరులో సుగుణ నడిపే నెట్ సెంటరుకు వచ్చేవాళ్లు తమ పాస్‌వర్డులు ఆమెకే అప్పజెప్పి పోతారు. అదక్కడి అలవాటు. నోటుపుస్తకంలో రాస్తే ఎవరైనా చూస్తారని, ఆమె సొంతంగా నేర్చుకుని, అన్నీ ల్యాప్‌టాప్‌లోని ఒక నల్లతెర వెనక దాచింది. తాళంమాట టైపు చేస్తేనే అది తెరుచుకుంటుంది. కుప్పంలో చదివిన రోజుల్లో బస్సు ఆగిన ఆరు స్టాపుల పేర్లే ఆ మాట.

పదిరోజుల జ్వరం తర్వాత, అయిదో స్టాపు పేరు మనసులోంచి జారిపోయింది.

"నా బిడ్డ కాలేజీ సీటుకు ఈ పొద్దే ఆఖరంట కదమ్మా. పాత ఫోను పోయ, పాస్‌వర్డు నీ కాడే ఉండాది" అన్నాడు సెంటరుకు వచ్చిన మునెప్ప. "యాల తెరుసుకోదు? మా అత్త ట్రంకుపెట్టెకన్నా మొండిగా ఉండాదే!"

"సాయంత్రానికి తెరుస్తాలే అప్పా" అని సుగుణ ల్యాప్‌టాప్‌తో కుప్పం బస్సెక్కింది.

బోర్డుల మీది పేర్లన్నీ అప్పటికే కొట్టి చూసింది. ఆ బోర్డులు రాసినవాళ్లు ఆ పల్లెల్లో ఎన్నడూ దిగినవాళ్లు కారు. కండక్టర్లు పిలిచే పేర్లు వేరు, తాళంమాటలో ఉన్నవి అవే. ఆమె కళ్లు మూసుకుంది. కిటికీలోంచి మామిడితోటల గాలి. ఇది ఏ ఏడో, తను ఏ తరగతో తెలియలేదు.

"తెల్లగుండు! తెల్లగుండోళ్లు దిగండప్పా!" అని కండక్టరు కేకేశాడు.

అయిదో పేరుగా అదే టైపు చేయగానే ఒడిలో తెర తెరుచుకుంది. మూడు వందల మంది పేర్లు, పాస్‌వర్డులు నీళ్లలో చేపల్లా పైకి తేలాయి. కుదుపులకు అక్షరాలు తప్పుతున్నా, తన ఫోను నెట్‌తోనే మునెప్ప బిడ్డ దరఖాస్తు నింపి పంపింది. చేరిందని మెసేజ్ వచ్చినప్పుడు బస్సు ఏ పల్లె దాటుతోందో ఆమె చూడలేదు.