కాలర్లయిపోయిన కథ

కత్తెరమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. ఆ వీధిలో ఎవరింట్లో ఏది మాడినా వాళ్ళ ముక్కుకు వాసన తగలకముందే ఆమె కొట్లో వార్త వచ్చేస్తుంది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళలో సగం మంది ఆ వార్తల కోసమే వస్తారు. మిగతా సగం తమ గురించి ఏం చెబుతోందో ఆరా తీయడానికి వస్తారు. ఆమె అసలు పేరు ఆమెకైనా గుర్తుందో లేదో. చేతిలో ఒక కత్తెర, నోట్లో ఇంకో కత్తెర ఉన్న మనిషిని మరేమని పిలుస్తారు?

కొట్టంటే పెద్ద కొట్టేం కాదు. ఒక కుట్టు మిషన్, కత్తిరింపు బల్ల, ఇస్త్రీ బల్ల, గుమ్మం పక్కన బెంచీ. ఇద్దరు నిలబడితే మూడో మనిషి ఊపిరి పీల్చుకోవడానికి బయటికి పోవాలి. అంత ఇరుకులోనూ బల్ల కింద ఒక రేకుపెట్టె ఉంది. దాన్నిండా కథలే. కత్తెరమ్మ బడికి పోయింది తక్కువే గానీ కథలంటే చెవి కోసుకుంటుంది. వయసులో ఉన్నప్పటి నుంచీ వారపత్రికల్లో వచ్చే సీరియళ్ళ పేజీలు చింపి, వరసగా పేర్చి, మిషన్ కింద పెట్టి కుట్టేసి, మిగిలిపోయిన గుడ్డముక్కతో అట్ట వేసేది. ఒక్కో కట్ట తలదిండంత లావు. గళ్ళ అట్టది లాడ్జి కథ, పూల అట్టది దొంగ డాక్టరు కథ. అవేవీ తర్వాత పుస్తకాలుగా రాలేదు కాబట్టి, మొత్తం భూమ్మీద ఆ రేకుపెట్టెలో తప్ప ఇంకెక్కడా లేవని ఆమె అంటుంది. ఈ ఒక్క సంగతిలో ఆమె పెంచి చెప్పి ఉండకపోవచ్చు.

ఇంత మాటకారికీ లోపల ఒక బెంగ ఉంది. అది మనవరాలు. కూతురూ అల్లుడూ పొద్దస్తమానం పనుల్లో ఉంటే, ఆ పిల్ల కాలేజీ అయ్యాక సాయంత్రాలు అమ్మమ్మ కొట్లోనే గడుపుతుంది. పదిహేడేళ్ళొచ్చాయి. చిన్నప్పుడు మిషన్ కింద దూరి కూర్చుని, కథ మధ్యలో ఆగితే చాలు, "తర్వాత?" అంటూ అమ్మమ్మ కాలు గిల్లి గిల్లి రక్కిన పిల్ల. ఇప్పుడు బెంచీ మీద ముడుచుకుని ఫోన్లోకి దూరిందంటే పైకప్పు ఎగిరిపోయినా తలెత్తదు. పరీక్షలకు మాత్రం గంపలకొద్దీ బట్టీ పడుతుంది. అవి అయ్యాక అచ్చక్షరం ఎదురుపడితే అప్పులవాణ్ణి చూసినట్టు మొహం తిప్పుకుంటుంది. ఇంకో ఏడాదిలో హాస్టలుకు పోతుంది. ముక్కూ మొహం తెలియని వాళ్ళ మధ్య, మంచం మీద ఒంటరిగా కూర్చునే సాయంత్రం ఒకటి వస్తుంది కదా, ఆ పూట దీనికి తోడేది? తన మనిషి కాలం చేసిన ఏడాది కత్తెరమ్మను నిలబెట్టినవి ఆ కట్టలే. అదే ఆమె దిగులు.

అందుకని రోజూ ఒక కట్ట తీసి పిల్ల ఒళ్ళో పెట్టేది. పెట్టి ఊరుకుంటే ఆమె కత్తెరమ్మ ఎందుకవుతుంది?

"ఇది చదవవే. దొంగ డాక్టరు కథ. చివర్లో అతనే అసలు డాక్టరని తేలుతుంది, నువ్వు నోరు తెరుస్తావు చూడు."

"తెరవడానికి ఇంకేం మిగిల్చావు అమ్మమ్మా?"

"బోలెడుంది. ఆ నర్సు ఎవరనుకున్నావ్..."

పిల్ల చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టేసుకునేది.

పోనీ ఎప్పుడైనా దయతలచి నాలుగు పేజీలు తిప్పిందా, మర్నాటికి విచారణ సిద్ధం. ఉత్తరం ఎవరు రాశారనుకున్నావ్, ఆ అత్తగారు మంచిదా చెడ్డదా, అంతా ప్రశ్నలే. ఒకసారైతే మెళ్ళో టేపు తీసి చదివిన పేజీల మందం కొలిచింది. "వారానికి అరంగుళమేనా?" అంది నొచ్చుకుంటూ.

గుండీలూ కాజాలూ కుట్టే కాజాలక్క ఆ మూల నుంచి, "అమ్మా, అది కథ. ప్యాంటు కాదు, కొలతలు తియ్యడానికి" అంది.

ఒక సాయంత్రం గళ్ళ అట్ట కట్ట తీసి బెంచీ మీద పెట్టింది. ఇంకా నోరు విప్పనైనా లేదు. పిల్ల నెమ్మదిగా, "అమ్మమ్మా, పొద్దున్నుంచీ చదివీ చదివీ వచ్చాను. ఇక్కడ కూడానా? నన్నొదిలెయ్" అంది.

కసిరి ఉంటే కత్తెరమ్మ కూడా రెండు తగిలించేది. మెత్తగా అనేసరికి ఎక్కడో గుచ్చుకుంది. కట్ట తీసి ఇస్త్రీ బల్ల కింద అరలో పడేసి మిషన్ ముందు కూర్చుంది. కరెంటు పోయిందేమోనని కాజాలక్క బల్బు వైపు చూసింది, కొట్లో అంత నిశ్శబ్దం. ఆ రోజు మొదలు ఆమె కథల ఊసే ఎత్తలేదు.

ఇంతలో బళ్ళు తెరిచే రోజులొచ్చాయి. యూనిఫాంలు మూటలు మూటలుగా వచ్చి పడ్డాయి. ఒక్కో సైజు కాలరుకూ ముందు కాగితం మీద కత్తిరించుకోవాలి, దాన్ని గుడ్డ మీద పెట్టి సుద్దతో గీసుకోవాలి. ఆ వీధిలో పేపరు తెప్పించుకునే ఇల్లు ఒక్కటీ మిగల్లేదు. కాగితం కోసం వెతుకుతున్న కత్తెరమ్మ చూపు ఇస్త్రీ బల్ల కిందికి పోయింది. గళ్ళ కట్ట వెనక అట్ట ఎటూ ఊడి వేలాడుతోంది. 'ఎవరికీ అక్కర్లేని కథ, పిల్లల మెడకైనా పనికొస్తుంది' అనుకుని, వెనక నుంచి పేజీలు పీకి, కసిగా కత్తిరించుకుంటూ పోయింది. కళ్ళు తడిసిన మాట నిజం. ఇస్త్రీ పెట్టె ఆవిరి అంది. ఇస్త్రీ పెట్టె అప్పటికి వెయ్యనే లేదు.

తర్వాత రెండో రోజో మూడో రోజో, మనవరాలు కాలేజీ నుంచి వస్తూనే నేరుగా ఇస్త్రీ బల్ల దగ్గరికెళ్ళి వంగింది. కట్ట తీసి వెనక్కి తిప్పింది. మొహం తెల్లబోయింది.

"చివరి పేజీలేవి?"

కత్తెరమ్మ మిషన్ ఆపింది. "ఎందుకూ?"

"ఎందుకేంటి? మూలగది తలుపు తెరుచుకుంది. నెలల తరబడి బయటికి రాని మనిషి గది అది. అక్కడితో అయిపోయింది. మిగతాది ఏది?"

"నువ్వు... చదువుతున్నావా?"

"నువ్వు ఇళ్ళకి కొలతలకని పోయినప్పుడల్లా చదివాను. నువ్వు దీని గురించి ఒక్క ముక్క చెప్పలేదు కదా, అందుకే మొదలుపెట్టాను. ఏదీ మిగతాది?"

కత్తెరమ్మ గోడమీది మేకు వైపు చూసింది. సైజులవారీగా గుచ్చిన కాగితాలు ఫ్యాను గాలికి అల్లల్లాడుతున్నాయి.

"కాలర్లయిపోయింది" అంది.

అప్పుడు చూడాలి ఆ పిల్లని. నీకు బుద్ధుందా అంది, మనిషివేనా అంది, కథ గొంతు కోశావంది. ఒక్కో తిట్టుకూ కత్తెరమ్మ మొహం పువ్వులా విచ్చుకుంది. జన్మలో ఏ సన్మానానికీ అంత పొంగిపోయి ఉండదు. "దానికంత బాధ దేనికే, నాకు కంఠతా వచ్చు. కూర్చో చెబుతా. ఆ తలుపు తీశాక..."

"చెప్పావంటే మళ్ళీ నీ గడప తొక్కను." అంది పిల్ల. "ఏ కథైనా నువ్వే నమిలి నోట్లో పెడతావు. నాకు పళ్ళొచ్చి చాలా ఏళ్ళయింది అమ్మమ్మా."

కత్తెరమ్మ ఏదో అనబోయింది. ఆగింది. గుడ్డదిండు మీది గుండుసూదులు ఒక్కొక్కటే తీసి పెదాల మధ్య పెట్టుకుంది, పెద్ద కోటు కుట్టేటప్పుడు పెట్టుకున్నట్టు. లేచి మేకుమీది కాలర్లన్నీ తీసి పిల్ల చేతికిచ్చింది. కాజాలక్క కత్తిరించగా మిగిలిన చింపిరి ముక్కల బస్తా తెచ్చి నేలమీద బోర్లించింది.

మనవరాలిని సినిమాకు పిలుద్దామని వచ్చిన స్నేహితురాళ్ళిద్దరూ గుమ్మంలోనే ఇరుక్కుపోయారు. అందులో పొడుగు పిల్ల, "చదవడమంటే నాకు నిద్రొస్తుందే తల్లీ" అంటూనే కూర్చుంది. కాసేపటికి ఆ పిల్లే, "ఇదిగో, మెట్ల దగ్గర ఆగిపోయిన ముక్క నా దగ్గరుంది. ఎవరికి కావాలి?" అని బేరాలు మొదలుపెట్టింది. నెలవంకలాంటి కాలరు ముక్క పక్కన దాని చింపిరి ముక్క చేర్చి, కింద పాత లైనింగు గుడ్డ పరిచి, కాజాలక్క చకచకా టాకాలు వేసేసింది. పిల్ల పైకి చదివింది. ఒకచోట లాడ్జి నడిపే ఆవిడ భోజనం పళ్ళెం కింద పెట్టి ఏడ్చింది. ఎందుకేడ్చిందో ఉన్న ముక్క ఏ కఫ్ అయి పోయిందో దొరకలేదు. భయమని ఒకరు, కాదు కోపమని ఇంకొకరు, చివరికి సినిమా సంగతి ఎవరికీ గుర్తులేదు. కత్తెరమ్మ పెదాలు బిగబట్టి, "ఊఁ... ఊఁ..." అని మూలుగుతూ మిషన్ తొక్కింది. కింద గుడ్డ లేకుండానే తొక్కింది.

చివరి పేజీ దొరికింది, సగమే. మూలగది మనిషి పెట్టె చేత పట్టుకుని మెట్లు దిగి, 'నాతో వస్తావా?' అని అడిగాడు. ఆవిడ తాళాలగుత్తి బల్లమీద పెట్టి అతని వైపు చూసి... అక్కడ కాలరు వంపు. ఆ కింది ముక్క నమూనాగా యూనిఫాం మూటతో పాటు బడికి పోయింది. ఈపాటికి అక్కడి చెత్తబుట్టలోంచి కూడా పోయి ఉంటుంది.

అందరూ కత్తెరమ్మ వైపు తిరిగారు. లాడ్జి ఆవిడ ఏమందో ఈ భూమ్మీద తెలిసింది ఇప్పుడామె ఒక్కదానికే. నాలుక చివర గంతులేస్తోంది ఆ మాట.

"చెప్పండి పెద్దమ్మా" అంది పొడుగు పిల్ల.

"వద్దు" అంది మనవరాలు. కాసేపు ఆ వంపునే చూసింది. "ఆవిడ పోదు. తాళాలు బల్లమీద పెట్టిందా, కానీ చెయ్యి వాటి మీంచి తియ్యలేదు. 'నేను రాను, గది మాత్రం ఎవరికీ ఇవ్వను' అంటుంది. అంతే అంటుంది."

"ఎందుకు పోదే? ఎన్నాళ్ళని ఆ కొంపలో..." అంది పొడుగు పిల్ల.

"నువ్వు రెండో భాగం చదవలేదు, నీకేం తెలుసు?"

కత్తెరమ్మకు తెలుసు. అసలు కథలో ఆవిడ వెళ్ళిపోతుంది, వెనక్కి కూడా చూడదు. ఆ ముగింపు తలుచుకుని ఈమె ఎన్ని రాత్రులు హాయిగా నిద్రపోయిందో. ఇప్పుడు మనవరాలు చెయ్యూపుతూ, కళ్ళు పెద్దవి చేసి, తప్పు ముగింపు కోసం స్నేహితురాలితో కొట్టుకు చస్తోంది. ఎప్పుడో మిషన్ కింద కూర్చుని కాలు గిల్లిన పిల్ల మొహం అది.

కత్తెరమ్మ ఇంకో రెండు సూదులు తీసి పెదాల మధ్య పెట్టుకుంది.

గొడవ చల్లారాక పిల్ల రేకుపెట్టె ముందు చతికిలబడింది. "పూల అట్టది చెప్పేశావు. నీలం అట్టదీ చెప్పేశావు. నువ్వెప్పుడూ చెప్పనిది ఏదైనా ఉందా?"

కత్తెరమ్మ చాలాసేపు ఆలోచించింది. అలాంటిది ఒక్కటంటే ఒక్కటే తేలింది. గడ్డంతో పెట్టె అడుగుకేసి చూపించింది.

"అమ్మా, ఇక సూదులు తీసెయ్యొచ్చు" అంది కాజాలక్క.

ఆమె తల అడ్డంగా ఊపింది. పిల్ల అప్పటికే మొదటి పేజీలో ఉంది.