ముందుగా బయల్దేరిన మూట

నా చిన్నప్పుడు మా ఇంట్లో మంగళవారం నాడు ఎవరూ బస్సెక్కేవాళ్లు కాదు. పొలానికి పోవచ్చు, పక్క వీధిలో పెళ్లయితే పోయి భోంచేసి రావచ్చు. ఊరు దాటడం మాత్రం కుదరదు. అది మా అవ్వ పెట్టిన చట్టం. మా నాయనకు ఎంత అవసరమైన పని పడినా, మంగళవారమైతే అరుగు మీద కూర్చొని గడ్డం గోక్కోవాల్సిందే.

మాది బత్తలపల్లె దగ్గర చిన్న ఊరు. మా తాత వాన మీద ఆధారపడి వేరుశనగ వేసే రైతు. ఆయన పంచాంగం గుమ్మం పక్కన మేకుకు దారంతో వేలాడుతూ ఉండేది. దాన్ని అడగకుండా ఆయన తలంటు పోసుకునేవాడు కాదు, కొత్త కుండను పొయ్యి మీద పెట్టనిచ్చేవాడు కాదు. అలాగని మా ఇంట్లో ఎవరికీ జాతకాలు లేవు. పుట్టిన గంట గుర్తుపెట్టుకునే తీరిక మా వాళ్లకు ఎక్కడిది. నక్షత్రాలు మాకు ఇంటి పనుల్లో సాయానికి వచ్చే చుట్టాల్లాంటివి. "మృగశిర మొగం సాటేసినాది, ఆరుద్రన్నా వస్తాదేమో సూడాల" అని తాత అంటుంటే, ఆరుద్ర అంటే పడమటి గుట్టల వెనక ఉండే ఒక ఆమె అనుకునేదాన్ని. ఆమె ఎప్పుడూ తడిచీర కట్టుకునే ఉంటుందనీ, ఆ చీర మా చేల మీద పిండాలని మనసు పుడితే పిండుతుందనీ, లేకపోతే మా ఊరి మీదుగా నడిచి వేరే ఊరికి పోతుందనీ నా ఊహ. ఇంత వయసు వచ్చాక కూడా ఆ కార్తెలో మబ్బు పడితే నాకు ఆ తడిచీరే కనిపిస్తుంది.

ఏడో తరగతి పాసయిన ఏడాది నాకు అనంతపురంలో ఆడపిల్లల హాస్టల్లో సీటు వచ్చింది. మా ఊళ్లో బడి ఏడుతోనే ఆగిపోయేది. కబురు శనివారం సాయంత్రం అందింది. మంగళవారం పొద్దున హాజరు కావాలి, రాకపోతే ఆ సీటు ఇంకో పిల్లకు ఇచ్చేస్తారు. ముందు రోజే పోయి ఉండడానికి అనంతపురంలో మాకు తెలిసినవాళ్లు ఎవరూ లేరు. నాయన ఈ మాట చెప్పేసరికి అవ్వ చేతిలోని చేటను కింద పెట్టి, "మంగళారం నా ఇంట్లోనించి బిడ్డను పంపేది ల్యా. ఒగసారి పంపినా, సాలు" అనింది.

ఆ ఒక్కసారి సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. మా నాయనకు ఒక అక్క ఉండేది, నేను పుట్టకముందే పోయింది. పుట్టింటికి వచ్చిన ఆమెను అత్తవారు త్వరపెడితే అవ్వ ఒక మంగళవారం నాడు ముదిగుబ్బ బస్సెక్కించింది. అక్కడ జ్వరం వచ్చి ఆమె మళ్లీ మా గడప తొక్కలేదు. అప్పటి నుంచి అవ్వ ఆమె పేరు కూడా పలకదు. అందుకే నాయన ఎదురు చెప్పలేక బయటికి పోయాడు. నేను ధాన్యం గాదె వెనక కూర్చొని ఏడ్చాను. చదువు మీద అంత ప్రేమ ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

తాత మాత్రం అవ్వతో వాదించలేదు. వాదన వల్ల మా అవ్వ మారిన దాఖలా ఆయన కాపురంలో లేదు. మేకు నుంచి పంచాంగం తీసి, కళ్లజోడు పెట్టుకొని, చాలాసేపు వేలితో వరసలు వెతికి, "మంగళారం ఉత్తరానికి శూల గూడా ఉండాది, ఆ దిక్కుకు పోగూడదు. నువ్వు సెప్పేది నిజమే" అన్నాడు. ఆ తర్వాత ఆయనే మెల్లగా, "అయితే సోమారం పొద్దున రాహుకాలం రాకముందు మంచి గడియ ఉండాది. పరస్థానం పెడదాం" అన్నాడు.

పరస్థానం అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. ప్రయాణం పెట్టుకున్న రోజు మంచిది కాకపోతే, అంతకు ముందే ఒక మంచి గడియలో ప్రయాణం చేసేవాళ్లు తమ బట్టల మూట పట్టుకుని ఇల్లు దాటి, దాన్ని పక్కింట్లో పెట్టి వస్తారు. ఇక వాళ్లు ఆ గడియకే బయల్దేరినట్టు లెక్క. తర్వాత మనిషి ఆ మూటను అక్కడి నుంచే తీసుకుని ఏ రోజు పోయినా దోషం లేదు. ఆకాశంలో ఉన్న గ్రహాలు మూటను చూసి మనిషే అనుకుంటాయా అని నాయన నవ్వాడు. అవ్వ నవ్వలేదు. కాసేపు ఆలోచించి, పెట్టెలోంచి తన పాత తువ్వాలు తీసి ఇచ్చింది.

సోమవారం పొద్దున తాత చెప్పిన గడియకు, నా పావడా, రవిక, చిటికెడు పసుపు, విత్తనానికి దాచిన వేరుశనక్కాయలు గుప్పెడు ఆ తువ్వాల్లో కట్టి నా చేతికిచ్చారు. వెనక్కి చూడకుండా నడవమన్నారు. పక్కింట్లో నేతపని చేసే అక్క, ఆమె భర్త, మామ ఉండేవాళ్లు. ధర్మవరం పట్టుచీరలు నేసేవాళ్లు. అక్క మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, నా చేతిలోని మూటను రెండు చేతులతో అందుకుని, "అనంతపురం వచ్చేసినావా పాపా" అని అడిగింది. మూటను మగ్గం పక్కన గూట్లో పెట్టింది.

తిరిగి ఇంటికి వచ్చాను గానీ, నిజంగా వచ్చినట్టు అనిపించలేదు. నేను బయల్దేరిపోయాను కదా. ఆ రోజంతా మా ఇంట్లో మా ఇంటికి చుట్టాన్ని. అవ్వ నాకు ఏ పనీ చెప్పలేదు, సంగటి ముద్దలోకి ఊరిబిండి పచ్చడి అడక్కుండానే ఎక్కువ వేసింది. వాకిట్లో కూర్చుంటే గాలి ఎర్రమట్టిని చిన్న సుడులుగా లేపి మళ్లీ కిందపెట్టేది. మబ్బుల నీడలు దున్నిపెట్టిన చేల మీద నిదానంగా నడిచి పోయేవి. గోడకు ఆనించిన నాగలిని, కుండ మీద మూతను, తాత చెప్పులను నేను వాటిని వదిలి ఎప్పుడో వెళ్లిపోయిన మనిషిలా చూశాను. అవన్నీ ఎంత బాగున్నాయో మొదటిసారి తెలిసింది. పక్కింటి నుంచి మగ్గం చప్పుడు వినిపిస్తుంటే, నేను ఆ గూట్లో పసుపు వాసన మధ్య పడుకుని వింటున్నాననే అనిపించింది.

దీపాలు పెట్టే వేళకు వీధి తలుపు చప్పుడైంది. పక్కింటి అక్క మామ వచ్చాడు. నేసిన చీర ఇచ్చి రావడానికి ఆయన ముందురోజే ధర్మవరం పోయి అప్పుడే దిగాడు. పరస్థానం సంగతి ఆయనకేం తెలుసు. చేతిలో నా మూట. "ఏమప్పా, మీ మూట మా ఇంట్లో మర్సిపొయ్యినారే. తువ్వాలు సూసి గుర్తుపట్టి తెచ్చినా" అన్నాడు తాతతో, మంచి పని చేసినవాడి ముఖంతో.

బయల్దేరిన మూట తిరిగి గడప లోపలికి వస్తే ఏమౌతుందో నాకు కూడా తెలుసు. ప్రయాణం మధ్యలోనే మనిషి వెనుదిరిగినట్టు. తాత చేయి పంచాంగం దాకా పోయి, దాన్ని తీయకుండానే ఆగింది. వెనకనే అక్క పట్టుపోగు చేతికి చుట్టుకునే పరుగెత్తుకొచ్చి, "ఎంత పని సేసినావు మామా" అని అక్కడే నిలబడిపోయింది. ఆ పెద్దాయన మా అందరి ముఖాలనూ ఒక్కొక్కటిగా చూస్తూ, తానేం తప్పు చేశాడో తెలియక మూటను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. నేను అవ్వ వైపు చూడలేక తలవంచుకున్నాను. నా చదువు అయిపోయిందని తెలిసిపోయింది.

అవ్వ లేచి వెళ్లి ఆయన చేతిలోంచి మూట తీసుకుంది. దీపం దగ్గర కూర్చొని ఒళ్లో పెట్టుకుని ముడి విప్పింది. పావడా విదిలించి చూసింది, రవిక చూసింది. పసుపు పొట్లం చిరగలేదు. శనక్కాయలు అరచేతిలో పోసుకుని వాటినే చూస్తూ ఉండిపోయింది. అప్పుడు మా అత్త పేరు పలికింది. ఆ పేరు ఆమె నోట వినడం నాకు అదే మొదటిసారి. తాత నిలబడినవాడు నిలబడినట్టే గోడకు ఆనుకున్నాడు.

"అది పొయ్యి మల్లా రాల్యా" అనింది అవ్వ. "ఇది సూడు. ఇల్లు దాటి పొయ్యింది, పరాయింట్లో ఉణ్ణింది, సెక్కుసెదరకుండా మల్లా నా ఒళ్లోకొచ్చింది. ఈ పిల్ల గూడా ఇట్లనే వస్తాది. రేపు పంపుదాం."

అదే తువ్వాల్లో, అవే బట్టలు, అవే కాయలు మళ్లీ కట్టింది. ఈసారి ముడి తనే వేసింది. మంగళవారం పొద్దున బస్సు దగ్గరికి కూడా తనే వచ్చింది. పడమటి గుట్టల మీద మబ్బు పట్టి నాలుగు చినుకులు రాలాయి, దుమ్ము అణగడానికి కూడా చాలలేదు. బస్సు కదిలాక నేను వెనక్కి చూశాను. అవ్వ చేయి ఊపలేదు, చేతులు కట్టుకొని నిలబడింది, నేను సంతకు పోయి సాయంత్రానికి వచ్చేస్తానన్నట్టు.

కొన్నేళ్ల తర్వాత సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు తాతను అడిగాను, తిరిగొచ్చిన పరస్థానం మంచిదని పంచాంగంలో ఎక్కడైనా ఉందా అని. ఆయన అవ్వ వంటింట్లో ఉందో లేదో చూసుకుని, గొంతు తగ్గించి చెప్పాడు. "యాడా ల్యా. అది శానా సెడ్డ శకునం. అయినా మీ అవ్వ ఆ మాట అన్నంక నాకు పుస్తకంతో పనేముండాది."

ఆ పంచాంగం చెప్పిన మాటను నాకు తెలిసి తాత ఎన్నడూ దాటలేదు, ఆ ఒక్క సాయంత్రం తప్ప. ఆయన నోరు తెరిచి ఉంటే నేను టీచరయ్యేదాన్ని కాదు. చుక్కలు చెప్పేది చెబుతాయి, విన్నది ఎలా అర్థం చేసుకోవాలో ఇంట్లోవాళ్ల ప్రేమ చెబుతుంది. నాకు తెలిసిన జ్యోతిషం ఇంతే, ఇంకెవరైనా ఎక్కువ చెప్పబోతే మజ్జిగ ఇచ్చి పంపేస్తాను.

ఇప్పుడు నేను అనంతపురంలోనే ఉంటున్నాను. పంచాంగం ఫోన్లోకి వచ్చేసింది, రాహుకాలం అదే గంట కొట్టి చెబుతుంది. పోయిన నెల నా కంటి ఆపరేషన్‌కు డాక్టరు మంగళవారం ఇచ్చాడు. నేను మారు మాట్లాడలేదు. సోమవారం పొద్దున ఒక చీర, పసుపు, గుప్పెడు శనక్కాయలు మూటగట్టి ఎదురింట్లో పెట్టి వచ్చాను. అందరూ చేసేది అంతవరకే. నేను మాత్రం సాయంత్రం ఆ ఇంటి పాపకు చెప్పి ఆ మూటను మళ్లీ తెప్పించుకున్నాను. మా ఇంట్లో ఎవరు దూరం పోవాల్సి వచ్చినా అంతే. దీపం పెట్టాక మూటను ఒళ్లో పెట్టుకుని, ముడి విప్పి, అన్నీ ఉన్నాయో లేదో చూసి, నేను ఎన్నడూ చూడని మా అత్త పేరు ఒకసారి పలికి, మళ్లీ ముడి వేస్తాను.