గుడ్డ పుస్తకంలో చిలక

మూడేళ్ల కిందటి ఉప్పెనకు ముందు ఏడాది, మనవల్ని ఎత్తుకోవాల్సిన వయసులో మాకు పుట్టిన పిల్ల రత్నం. పక్కింటి పాప దగ్గర బొమ్మల పుస్తకం చూసి, తనకూ కావాలని బెంగపెట్టుకుంది. బందరు కొట్లలో అలాంటిది దొరకలేదు. నేను కలంకారీ అద్దకం పనివాణ్ణి కదా, మిగిలిన గుడ్డ ముక్కల మీద చెక్క అచ్చులతో చిలకను, చేపను, పువ్వును అద్దాను. మా ఆవిడ పుస్తకంలా కుట్టింది. ఇది పుస్తకమేనని పిల్ల ఒప్పుకుంటుందో లేదోనని ఒకటే గుబులు.

ఇవాళ సాయంత్రం నా ఒళ్లో కూర్చుని తెరిచింది.

"నాన్నా, చిలక అటే చూస్తుందేంటి?"

"ఆ అచ్చు అంతేనమ్మా. ఎన్నిసార్లు అద్దినా అటే చూస్తుంది."

"కాదు, అట్నుంచి ఎవరో వస్తున్నారు" అంటూ పేజీ తిప్పింది. "ఇదిగో, చేప వచ్చింది. పువ్వు కూడా తెచ్చింది."

ఇన్నేళ్లుగా ఆ చిలకను అద్దుతున్నాను, అది ఎవరి కోసం చూస్తోందని ఒక్కనాడూ అనుకోలేదు. మూడో తరగతితో ఆగిపోయిన నాకు, అక్షరమైనా రాని నా కూతురు కథ చదివి వినిపించింది. ఈ సంతోషం ఎక్కడ దాచుకోనండీ. దానికి అక్షరాలొచ్చి, ఇలాగే ఒళ్లో కూర్చుని చదివే రోజుదాకా నేను ఉండాలని ఎంత ఆశగా ఉందో.

తర్వాతేమైందని అడిగితే, ఇంకో పేజీ కుట్టమంది. పువ్వు అందుకున్న చిలక ఏం చేస్తుందో మీ పిల్లల్ని అడిగి కాస్త చెబుదురూ, నాకు తోచడం లేదు.