పెళ్లి ఊరేగింపులో పందెపు గుర్రం

సైన్యంలో గుర్రాల దళంలో ఉండగా ఒకరోజు సాధనలో అడ్డుకంచె దూకబోయి పడ్డాను. తుంటి ఎముక విరిగింది. అతుక్కుంది గానీ, మళ్లీ గుర్రం ఎక్కొద్దని డాక్టర్లు చెప్పారు.

వేంసూరు పక్క మా ఊళ్లో పాత దొరల కాలపు మా ఇంటిని ఇప్పటికీ గడి అనే అంటారు. కుంటుకుంటూ వచ్చిన నన్ను నాన్న పొలాలు చూసుకోమన్నారు. నేను హైదరాబాద్ వెళ్లి ఒక పత్రికలో గుర్రప్పందేల గురించి రాయడం మొదలుపెట్టాను.

"పటాలంల పనిచేసినోనివి, జూదం రాతలు రాస్తవా?" అన్నారాయన.

ఆయన చివరిదాకా నా రాత ఒక్కటీ చదవలేదు. నాకు ముఖ్యం గుర్రాలే గానీ జూదం కాదని ఆయనతో కూర్చుని చెప్పుకునే రోజు రాలేదు.

నేను రాసిన గుర్రాల్లో ఒక ఎర్ర ఆడగుర్రం ఉండేది. నుదుట వంకర నామంలా తెల్ల మచ్చ. ఎవరూ లెక్కచేయని ఆ గుర్రం ఒక వానరోజు అందరికన్నా వెనకనుంచి వచ్చి గెలిచింది. మరుసటి ఏడు దాని ముందుకాలి నరం తెగింది. అమ్మేశారన్నారు. ఎక్కడికో ఎవరూ చెప్పలేకపోయారు.

ఉద్యోగం మానేసి ఊరికి వచ్చేశాక, భద్రాచలంలో బంధువుల పెళ్లికి వెళ్లాను. పెళ్లికొడుకును మోస్తూ వచ్చిన గుర్రం నుదుట ఆ మచ్చ కనిపించింది. టపాకాయలు పేలుతున్నా అది బెదరలేదు. నేను మెడ మీద చెయ్యి వేస్తే కదలకుండా నిలబడింది. దాని యజమానిది పాల్వంచ. కాలు నయమయ్యాక ఎవరి దగ్గరో కొన్నాడట.

మా ఇంట్లో పాత గుర్రపుశాల ఉంది, నాకు ఇచ్చేయమని అడిగాను.

"మీకాడ సుఖంగనే ఉంటది సార్. కానీ మా పిల్లలు దీన్ని ఇడిసి ఉండరు," అన్నాడు.

ఇంక బలవంతపెట్టలేకపోయాను. ఆయన నా చేతివంక కాసేపు చూసి, "మీరు గుర్రమెక్కినోళ్ల లెక్కున్నరు. పెళ్లికొడుకు దిగినంక ఒక్క చుట్టు ఎక్కుండ్రి. నేను పట్టుకుంట," అన్నాడు.

పట్టుపంచె కట్టుకుని ఉన్నాను. చుట్టూ చుట్టాలు. తుంటి సంగతి గుర్తొచ్చింది. ఇంకోసారి వస్తానన్నాను.

వానాకాలంలో ఫోన్ చేస్తే, కడుపునొప్పి వచ్చి గుర్రం చనిపోయిందని చెప్పాడు. పశువుల డాక్టరు వచ్చినా లాభం లేకపోయిందట. అప్పుడే పాల్వంచ వెళ్లాను. ఇంటి వెనక మెట్టచెలకలో పూడ్చిన చోటు చూపించాడు. మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. ఆయన పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

దాని మీద ఒక వ్యాసం రాసి మా పాత పత్రికకు పంపాను. కొత్త ఎడిటరు కుర్రవాడు మర్యాదగానే మాట్లాడాడు. పెళ్లిగుర్రం సంగతి ఎవరు చదువుతారు సార్ అన్నాడు. నాలుగు వాక్యాలకు కుదించి ఒక మూల వేశారు.

పాల్వంచాయన ఇప్పుడు ఒక తెల్లగుర్రం కొన్నాడు. దానికి డప్పంటే భయం. పెళ్లిళ్లు లేని మూఢం రోజుల్లో వెళ్లి, కళ్లెం పట్టుకుని నేలమీదే నడుస్తూ దానికి చప్పుడు అలవాటు చేస్తున్నాను. ఈమధ్య నా గొంతు వింటే చెవులు ఇటు తిప్పుతోంది. ఎక్కుతారా అని మాత్రం ఆయన మళ్లీ అడగలేదు.