బావమరిది గిటారుకు బయాస్ పెట్టిన పూట

ఆ రోజుల్లో రేడియో విప్పి మళ్ళీ బిగించగలిగినవాడికి అత్తగారింట్లో డాక్టరుకున్నంత మర్యాద ఉండేది. నాకు పెళ్ళై ఇంకా ఏడాది తిరగలేదు. హైదరాబాదులో రేడియోల పని కొంత నేర్చుకుని (ఆ 'కొంత' ఎంతో నాకే తెలుసు) మంచిర్యాలలో చిన్న కొట్టు పెట్టుకున్నాను. శ్రీరాంపూర్ గనుల క్వార్టర్లలో మా మరదలి పెళ్ళి. బావమరిది ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తాడు. చెల్లెలి పెళ్ళిపందిట్లో వాయించి తీరాలని వాడి పంతం. తీరా పెళ్ళినాటి పొద్దున ఆంప్లిఫయర్ గొంతు బొంగురుపోయింది. "బావా, నువ్వుండంగ నాకేం ఫికర్!" అన్నాడు.

గాజు బుడ్డీల్లాంటి కొత్త వాల్వుల జత తెచ్చి, పాతవి పీకి పెట్టాను. అంతటితో అయిపోదు. కొత్త వాల్వులు ఎంత కరెంటు తాగాలో హద్దు పెట్టాలి. దాన్నే బయాస్ అంటారు. మీటరు చూస్తూ చిన్న మరను స్క్రూడ్రైవరుతో తిప్పాలి. ఎటు తిప్పాలన్నదే గుర్తు రాలేదు. అత్తమామలూ పెళ్ళికొడుకు తరఫువాళ్ళూ చుట్టూ చేరి చూస్తుంటే కుడివైపు తిప్పాను. మీటరు ముల్లు ఎగిరి చివరకు కొట్టుకుంది. వాల్వుల లోపలి రేకులు కుంపట్లో బొగ్గుల్లా ఎర్రబడ్డాయి. ఇంకాసేపు అలాగే ఉంటే కాలిపోతాయి.

"ఓ అవ్వా! ఎంత ముద్దుగ వెలుగుతున్నయ్! మా అల్లుని చెయ్యి వడంగనే చూడున్రి" అని మురిసింది అత్తమ్మ. "పెండ్లిపిల్లను గీడ గూసోబెట్టున్రి, మొకం మీద వెలుగు వడ్తది" అంది వియ్యపురాలు.

చప్పున స్విచ్ ఆర్పి, లోపల తీగ ఒకటి సవరించబోయాను. (ఆర్పినా ఆ పెట్టె కడుపులో కాసేపు కరెంటు నిలవుంటుందని పుస్తకంలో చదివాను. చదివింది ఇంకా చేతిదాకా రాలేదు.) భుజం దాకా ఒకటే దెబ్బ! కెవ్వుమని వెనక్కి ఎగిరి, మంచం మీద కూర్చున్న పెళ్ళికొడుకు తండ్రి ఒళ్ళో పడ్డాను. "జర పైలం బిడ్డా!" అన్నాడాయన, జారిన తలపాగాను నా ముఖం మీంచి తీసుకుంటూ. అందరూ బిత్తరపోయారు. నా భార్య పరుగెత్తుకొచ్చి చెయ్యి నిమిరి, "ఇగ దాన్ని ముట్టకు" అంది చెవిలో. ముట్టకపోతే గిటారు మూగబోతుంది, కొత్త అల్లుడి పరువు గోదాట్లో కలుస్తుంది. మళ్ళీ దెబ్బ తగిలినా గుండె మీదుగా పోకుండా ఎడమ చెయ్యి జేబులో దాచుకుని, మరను ఎడమవైపు చివరిదాకా తిప్పి, దేవుణ్ణి తలుచుకుని స్విచ్ వేశాను. రేకులు ఎర్రబడలేదు. అటునుంచి కొంచెం కొంచెంగా తిప్పుతూ వస్తే ముల్లు బుద్ధిగా వచ్చి ఉండాల్సిన చోట ఆగింది. బావమరిది తీగ మీటాడు. పందిరంతా ఖంగుమంది.

వాడేం వాయించాడో నాకు తెలియదు. మళ్ళీ ఎక్కడ రాజుకుంటాయోనని పెట్టె వెనక గొంతుక్కూర్చుని వాల్వులనే చూస్తూ ఉండిపోయాను. తలంబ్రాలయ్యాక నా భార్య విస్తరి అక్కడికే తెచ్చింది.

"మా చెల్లె ఎట్లున్నది? చూసినవా?"

"ఎర్రగ కాలే. బతికినం" అన్నాను.

ఇప్పుడు పెళ్ళిళ్ళకు పోతే ముందువరసలో కుర్చీ వేస్తారు, తీరిగ్గా అన్నీ చూస్తాను. మా మరదలు ఆనాడు ఎలా ఉందో మాత్రం మా ఆవిడ చెబితే వినవలసిందే. ఆమె చెప్పిన ప్రతిసారీ చీర రంగు మారుతుంది. కాదనడానికి నేను చూస్తే కదా!