నోలీన్ ఏ డబ్బా పెట్టింది?

మేఫీల్డ్ పేటలో ఓ వీధివాళ్లు దేవుణ్ణి నమ్మినా నమ్మకపోయినా నోలీన్ ట్రాంటర్ చెత్తడబ్బాను మాత్రం నమ్ముతారు. మంగళవారం వచ్చే లారీల కోసం, మామూలు చెత్త వేసే ఎర్రమూత డబ్బా ప్రతి వారం బయటికి రావాలి. దాని పక్కన ఒక వారం సీసాల పసుపుమూత, మరో వారం ఆకుల ఆకుపచ్చమూత. ఈ వారం ఏదన్నది ఎవరికీ గుర్తుండదు. బస్సు డ్రైవరుగా రిటైరైన నోలీన్ సోమవారం మధ్యాహ్నం టీ తాగి, చెప్పులీడ్చుకుంటూ తన డబ్బాలు రోడ్డుపక్కకు లాగుతుంది. సాయంత్రానికల్లా వీధి వీధంతా అదే రంగు.

ఏళ్ల తరబడి ఆమెది అద్దె ఇల్లే. ఈమధ్య ఇల్లు కొనుక్కొని వచ్చిన డిగ్బీ అనే కుర్ర లాయరు 'మనందరి వీధి' అని సంఘం పెట్టాడు. అందరినీ కలుపుకుపోవాలని అరగంట ఉపన్యసించి, మూలనున్న ఖాళీ జాగాలో ఏం కట్టాలో తేల్చే ఓటు మాత్రం సొంతిళ్లవాళ్లకే అన్నాడు. నోలీన్‌కు అక్కడ బెంచీ కావాలి. బస్సు దిగి సంచులతో ఆ ఎత్తెక్కేసరికి మోకాళ్లు ఏడుస్తున్నాయి.

"అద్దెవాళ్లు ఇవాళ ఉంటారు, రేపు పోతారు కదండీ" అన్నాడు డిగ్బీ, ఎంతో మర్యాదగా.

"నీ ఇంటికి ఎంతమంది ఓనర్లు మారారో చూసినదాన్ని నాయనా!"

ఆ సోమవారం పసుపు వంతు. నోలీన్ ఆకుపచ్చ లాగింది.

పక్కింటి సమోవా దీవుల అమ్మాయి సెఫీనా ఆగి చూసింది. "ఆంటీ, పోయినవారం కూడా ఇదే కదా?"

"నువ్వు పొద్దున్నే పసుపు పెట్టుకో తల్లీ. నోరు మాత్రం మూసుకో."

మర్నాడు సీసాల లారీ సెఫీనా డబ్బా ఒక్కటే ఎత్తుకుంది. డ్రైవరు ఆకుపచ్చ వరస చూసి, "నోలీన్‌కి ఒంట్లో బాలేదా?" అని అడిగి మరీ పోయాడు. డిగ్బీ ఇంట్లో సంఘం విందు తాలూకు సీసాలు డబ్బా మూత పడనివ్వడం లేదు. పరుగెత్తుకొచ్చాడు.

"మీరు తప్పు డబ్బా పెట్టారు!"

"నా డబ్బా, నా ఇష్టం. నిన్నెవరు చూడమన్నారు?"

"వీధంతా మిమ్మల్నే చూస్తుందండీ!"

"రేపు పోయేదాన్ని, నన్నెందుకు చూడటం?"

సెఫీనా కంచె వెనక నవ్వాపుకోలేక కడుపు పట్టుకుని కూలబడింది.

తర్వాతి సోమవారం నోలీన్ డబ్బాలు కదల్లేదు. ఆమె అరుగు మీద కూర్చుని రెండో టీ తాగుతోంది. కిటికీ తెరల వెనక వీధంతా కళ్లు. చివరికి డిగ్బీయే వచ్చాడు.

"ఓటు అందరికీ. అద్దెవాళ్లక్కూడా. సంఘంలో ఒప్పించాను. ఇప్పుడు చెప్పండి, ఏ రంగు?"

"ఆకుపచ్చ. ఈసారి నిజంగానే."

బెంచీ గెలిచింది. నోలీన్ ఇప్పుడు దాని మీద కూర్చునే టీ తాగుతుంది. డిగ్బీ మాత్రం ఈనాటికీ ప్రతి సోమవారం మూడు డబ్బాలూ బయట పెడతాడు.